నాలుగువందల పదమూడో ఊరు

మధ్యాహ్నం రెండూ నలభైకి నిరుపమ మీట నొక్కింది, నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ చూపు తీసుకోలేదు, తెర మీద పదహారు గీతలు ఒక్కొక్కటే లేచి పచ్చగా నిండుతున్నాయి, పదహారు మంది పనివాళ్ళు పనిలోకి దిగారు. పనివాళ్ళంటే మనుషులేం కారు, మూలగదిలో చలికి వణికిస్తూ ఉండే ఆ పెద్ద యంత్రం తన పనిని పదహారు వాటాలు వేసుకుని ఒకేసారి చేస్తుంది, అంతే, కానీ ఆరేళ్ళుగా వాళ్ళతో వేగుతున్న నిరుపమకు మాత్రం వాళ్ళు మనుషులకిందే లెక్క, ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, ఇచ్చింది పుచ్చుకుని తలొంచుకుని చేసుకుపోతారు. పైన డ్యామ్ నుంచి తొమ్మిది లక్షల ఎనభై వేల క్యూసెక్కులు వదిలారు, ఆ నీళ్ళు రేపు తెల్లారేసరికి కటక్ దాటి డెల్టాలోకి దిగుతాయి, ఏ ఊరి కట్ట ఆగుతుంది, ఏ ఊరి కట్ట మీంచి నీళ్ళు పొర్లుతాయి, ఈ పదహారు మందే తేల్చాలి, నాలుగు గంటలకల్లా జాబితా కంట్రోల్ రూమ్‌కి చేరాలి, ఎర్రగా వచ్చిన ఊళ్ళకే పడవలు, ఇసుక బస్తాలు, తెల్లగా వచ్చిన ఊళ్ళకు ఏమీ లేవు. పని పూర్తవడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు ఆమె చెయ్యగలిగింది అనుమానపడటం ఒక్కటే, అది ఆమెకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

పొద్దున, నిన్న డ్యామ్ వదిలిన నీళ్ళ అంకెతో ఒకసారి నడిపి చూసింది. ఎర్రర్ రాలేదు. రాకపోవడమే ఆమెకు నచ్చలేదు. మ్యాప్ మీద కుసుపడా తెల్లగా ఉంది, నది సముద్రంలో కలిసే చోట చిట్టచివరి ఊరు, ఆమె పుట్టిన ఊరు, పోయినేడు ఇంతకంటే తక్కువ నీళ్ళకే కట్ట తెగిన ఊరు, అది తెల్లగా ఎలా ఉంటుంది? పన్నెండింటికి కకా ఫోన్ చేశాడు, నాన్న పోయాక, నదిలో నీటిమట్టం చూసి చెప్పే ఆయన గేజ్ ఉద్యోగం ఈ బాబాయికే వచ్చింది, ఆయన ఊరికే ఫోన్ చేసే రకం కాదు. కట్ట అంచుకి ఇంకా రెండు జానలే ఉంది నిరూ, నీ మిషన్ ఏమంటోంది అన్నాడు. తెల్లగా ఉంది కకా అంది. తెల్లగా అంటే? భయం లేదని. ఆయన వెనక వాన చప్పుడు వినిపించింది, మిషన్ అన్నాక ఇంకేం, నేను వెళ్ళి పడుకుంటా అన్నాడు, ఆ వెటకారం ఆమెకు అర్థం కాక కాదు. అప్పుడే తలలో ఎప్పటినుంచో నలుగుతున్న పేరు పైకొచ్చింది, ప్రద్యుమ్న. మొన్న శనివారం సెలవు. గేటు దగ్గర రిజిస్టర్లో మాత్రం ప్రద్యుమ్న స్వాయిఁ సంతకం ఉంది, పదకొండుకి లోపలికి, అయిదుకి బయటికి. సెలవురోజు ఆరు గంటలు ఆఫీసులో ఏం పని? భువనేశ్వర్ నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు, వచ్చిన రోజు నుంచీ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు మాట్లాడతాడు, అక్కా అన్నట్టు అపా అపా అంటూ చుట్టూ తిరుగుతాడు, వాళ్ళావిడ తమ్ముడు కట్టలు బాగుచేసే కాంట్రాక్టరని క్యాంటీన్లో ఎవరో అన్నారు. బాగుచేశానని బిల్లు పెట్టిన కట్ట ఈ లెక్కలో ఎర్రగా వస్తే కాంట్రాక్టరు గతేమవుతుంది? తెల్లగా వస్తే? ఇది తట్టాక ఆమెకు అన్నం సహించలేదు.

ఎత్తుల ఫైలు తెరిచి చూసింది కూడా. దొంగ చెయ్యి పెడితే కట్టల ఎత్తుల్లోనే పెడతాడు గానీ ఊళ్ళ పేర్లలో ఏముంటుంది కాజెయ్యడానికి? ఆ ఫైలు మార్చే అధికారం ఆమె ఒక్కదానికే ఉంది, ప్రద్యుమ్న వచ్చిన నెలలోనే దానికి తాళం వేసేసింది, అయినా చూసింది. నాలుగువందల పన్నెండో వరస, చివరి వరస, మూడు పాయింట్ ఒకటి మీటర్లు, అది కుసుపడా ఎత్తే, ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోలేదని తెలిశాక అనుమానం తగ్గాలి, తగ్గలేదు, ఇక్కడ ముట్టుకోలేదంటే ఇంకెక్కడో ముట్టుకున్నాడని, ఎక్కడో దొరకనంత తెలివిగా ముట్టుకున్నాడని అనిపించింది. పన్నెండున్నరకు ఒక కాగితం తీసి, శనివారం సంగతీ, బావమరిది సంగతీ రాసి, విచారణ జరిపించాలని కింద సంతకం పెట్టి, పెద్దాఫీసరు పట్టజోషి సార్ ట్రేలో పెట్టి వచ్చింది. కాగితంలో ఒక్క కొట్టివేత కూడా లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు కూడా కాస్త గర్వంగానే ఉంది.

మూడు దాటింది. పూర్తయినవి నూట నలభై, మొత్తం నాలుగువందల పన్నెండు. ఆ మొత్తం చూస్తే ఆమెకు ధైర్యం, ఆరేళ్ళుగా అదే అంకె, నిద్రలో అడిగినా చెబుతుంది. మొదటి వారంలో ఈ పనివాళ్ళతో ఎంత అవస్థ పడింది. ఒక్కొక్క ఊరికీ రెండు సంగతులు కావాలి, పేరూ కట్ట ఎత్తూ, కానీ పనివాడు ఒకసారికి ఒక్కటే అందుకుంటాడు, పేర్ల పట్టీ ఇచ్చి పక్కనే ఎత్తుల పట్టీ ఇస్తే యంత్రం ఎర్రటి అక్షరాలతో గయ్యిమంది, రెండోది ఏదీ, నాకు రెండోది అందలేదు అని. తిట్టినా సరే, చెప్పింది కదా. తర్వాత కిటుకు తెలిసింది, పేర్ల పట్టీలోంచి ఒకటీ ఎత్తుల పట్టీలోంచి ఒకటీ తీసి, ఆ రెంటినీ ఒక మూట కట్టాలి, మొదటిది మొదటిదాంతో, రెండోది రెండోదాంతో, అలా చివరిదాకా, అప్పుడు పనివాడికి ఒక్క మూటే అందుతుంది, వాడు దాన్ని విప్పి ముందున్నది ఊరనీ వెనకున్నది ఎత్తనీ తీసుకుంటాడు. డ్యామ్ వదిలిన నీళ్ళ అంకె ఊరూరికీ మారదు కాబట్టి దాన్ని మూటలో పెట్టకుండా ముందే పనికే అతికించేసింది. ఆ రోజు ఎంత సంతోషపడిందంటే ఇంటికి వెళ్ళి నాన్నకు ఫోన్ చేసి చెప్పింది, ఆయనకు అందులో ఏం అర్థమైందో గానీ, అదేమిటి, పేరొక చోటా అంకె ఒక చోటా ఎందుకు పెట్టావు అసలు అన్నాడు. ఆ మాట ఆయన అన్నాడు కాబట్టి నవ్వి ఊరుకుంది, వచ్చిన కొత్తలో ప్రద్యుమ్న అదే మాట అంటే, పేరూ ఎత్తూ రెండు ఫైళ్ళెందుకపా, ఒకే వరసలో పక్కపక్కన పెట్టుకుంటే పోలా అంటే, ఒళ్ళు మండింది. ఆరేళ్ళ పని, ఒక్క తప్పు రాలేదు, నిన్నగాక మొన్న వచ్చి నాకు నేర్పుతాడా అనుకుంది.

నాన్న ఎప్పుడూ ఒట్టి అంకె చెప్పేవాడు కాదు. నది ఒడ్డున నిలబెట్టిన గేజ్ రాయి దగ్గరికి గంటకోసారి వెళ్ళి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూసి, గదిలోకొచ్చి వైర్‌లెస్ పట్టుకుని, కుసుపడా, రెండు పాయింట్ నాలుగు, కుసుపడా అనేవాడు. ముందు ఊరు, తర్వాత అంకె, మళ్ళీ ఊరు. చిన్నప్పుడు తను గది గుమ్మంలో కూర్చుని చూడా అటుకులు నములుతూ ఆయన్ని వెక్కిరించేది, నాన్న ఊరు మర్చిపోతాడేమోనని రెండుసార్లు చెప్పుకుంటాడని. ఆయన కోప్పడలేదు. ఊరు లేని అంకె ఎవరి నెత్తినైనా పడుతుంది నిరూ, మనది పడాల్సిన చోట పడకపోతే ఇంకెవరో మునుగుతారు అన్నాడు, అని మళ్ళీ నీళ్ళు చూడటానికి వెళ్ళాడు, లుంగీ మోకాళ్ళ పైకి మడుచుకుని, చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి తప్పించే పెట్టుకునేవాడు, పైన ఒక్కటి తప్పితే కిందిదాకా తప్పేది, చివర ఒక గుండీకి కాజా దొరక్క ఊరికే వేలాడేది, అమ్మ చూసి నవ్వి విప్పి మళ్ళీ పెట్టేది. ఇప్పుడు ఆ గుండీలెందుకు గుర్తొచ్చాయో ఆమెకు తెలియలేదు. వాన కిటికీకి కొడుతోంది. పూర్తయినవి నూట తొంభై.

బల్ల మీద దొన్నెలో దహిబరా, పెరుగు వడ, అలాగే ఉంది, పెరుగు అంచున నీళ్ళు విడిచింది. ఒంటిగంటన్నరకు ప్రద్యుమ్న వానలో తడుస్తూ వెళ్ళి అందరికీ తెచ్చాడు, ఆలూదమ్ ఎక్కువ వేయించానపా, మీకు కారం ఇష్టం కదా అని పెట్టి వెళ్ళాడు. ఆమెకు కారం ఇష్టమని వాడికెవరు చెప్పారు? ఏదో చేసినవాడే ఇంత మంచిగా ఉంటాడు. పెట్టేటప్పుడు మొహంలోకి చూడలేదు, అదొకటి గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు అద్దాల గోడకు అవతల కూర్చుని ఏదో టైప్ చేస్తున్నాడు, వీపు మాత్రమే కనిపిస్తోంది, ఆ వీపులో కూడా ఏదో దాస్తున్నట్టే ఉంది.

ఒక్కో ఊరి పని పూర్తవగానే పేరు తెర మీద పడుతుంది, కింద నుంచి పైకి జారిపోతూ ఉంటుంది, ఆమె ఎప్పుడూ వాటిని చదవదు, అన్నీ తెలిసిన పేర్లే కదా. మూడూ పన్నెండుకి ఒకటి పడింది. నుఆసాహి. జారిపోయింది. ఆమె లేచి నిలబడి తెర వెనక్కి తిప్పి మళ్ళీ చదివింది. నుఆసాహి, తెలుపు. తన నాలుగువందల పన్నెండింటిలో నుఆసాహి లేదు. ఎన్నడూ లేదు. దొరికాడు అనుకుంది, ఆ మాటలో సంతోషం కూడా ఉందని ఆమె తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది, లేని ఊరిని సృష్టించాడు, లేని ఊరికి కట్ట వేయించినట్టు, ఆ కట్ట ఆగినట్టు, ఎంత ధైర్యం. అద్దాల తలుపు తోసుకుని వెళ్ళి అతని కుర్చీ వెనక నిలబడింది.

"నుఆసాహి ఎవరిది ప్రద్యుమ్న బాబూ?"

అతను వెనక్కి తిరిగాడు. తేలు కుట్టిన దొంగలా ఉంటాడనుకుంది, ఆ మొహంలో అలాంటిదేం కనిపించలేదు.

"వచ్చిందా? హమ్మయ్య. ఎత్తు మీరు వేశారో లేదోనని పొద్దున్నుంచీ అడుగుదామనుకుంటున్నా, మీరేమో నా మొహమే చూడటం లేదు. శనివారం మెసేజ్ పెట్టాను కదపా."

నది కోసేసి ఇళ్ళు పోయిన అరవై కుటుంబాలు, రెండేళ్ళుగా కట్ట పక్కనే కొత్తగా గుడిసెలు వేసుకున్నాయట, ఏ జాబితాలోనూ లేవట, శుక్రవారం తనే వెళ్ళి టేపు పెట్టి కొలిచి వచ్చాడట, శనివారం కూర్చుని పేర్ల ఫైలులో నది వరస ప్రకారం దాని చోట్లో పేరు చేర్చాడట, ఎత్తుల ఫైలు మీది కదా, తాళం మీ దగ్గరే కదా, అందుకని ఎత్తు మీకు పంపానన్నాడు. నిరుపమ తన గదిలోకి వచ్చి ఫోన్ తీసింది. ప్రద్యుమ్న పేరు పక్కన చదవని మెసేజ్‌లు పదిహేడు. ఎప్పటినుంచో అతనివి తెరవడం మానేసింది, ఏదో ఒకటి నేర్పుతుంటాడని. శనివారంది తెరిచింది. వాననీళ్ళలో నిలబడి టేపు పట్టుకున్న చెయ్యి, బురద కట్ట, వెనక నీలం పరదాల గుడిసెలు, కట్ట మీద ఒక మేక. కింద, అపా, నుఆసాహి, ఒకటి పాయింట్ తొమ్మిది, రెండువందల ముప్ఫై ఒకటో వరసలో వేయండి, మర్చిపోకండి. మూడు రోజులైంది.

అప్పుడు తెలిసింది. తెలియడం మెల్లగా రాలేదు, ఒక్కసారే వచ్చింది. పేర్లు నాలుగువందల పదమూడు. ఎత్తులు నాలుగువందల పన్నెండు. మూటలు కట్టే యంత్రం ఏమీ అడగదు, ఒక పట్టీ పొడుగూ ఒకటి పొట్టీ అయితే పొట్టిది అయిపోగానే ఇక చాలని చేతులు దులుపుకుంటుంది, మిగిలిపోయిన పేరు గురించి ఒక్క ముక్క అనదు, ఎర్ర అక్షరం లేదు, తిట్టు లేదు, నాలుగువందల పన్నెండుకి నాలుగువందల పన్నెండూ పూర్తి అని గర్వంగా చూపిస్తుంది. నుఆసాహికి పక్క ఊరి ఎత్తు వెళ్ళింది, మూడు పాయింట్ నాలుగు, అందుకే తెలుపు. ఆ పక్క ఊరికి దాని పక్క ఊరిది. అక్కడి నుంచి కిందిదాకా ఒక్క గుండీ తప్పి నూట ఎనభై ఊళ్ళు ఒకదాని చొక్కా ఒకటి తొడుక్కున్నాయి. చివర మిగిలిపోయిన గుండీ కుసుపడా. అది తెల్లగా వచ్చిందని తను పొద్దుట్నుంచీ కుమిలిపోయింది, అది తెల్లగా రాలేదు, దాని సంగతి ఏ పనివాడికీ అందనే లేదు, మ్యాప్‌లో క్షేమంగా ఉన్న ఊరూ ఎవరూ లెక్కపెట్టని ఊరూ ఒకే రంగులో ఉంటాయి. ఎవరూ మోసం చెయ్యలేదు. అనుమానపడి తాళం వేసిందీ, అనుమానపడి మెసేజ్ తెరవందీ, అనుమానపడి ఎత్తులు చూసి పేర్లు చూడందీ తనే. కకాకి భయం లేదని చెప్పిందీ తనే. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ దానికి కూడా టైము లేదు, మూడూ పంతొమ్మిది.

"ప్రద్యుమ్నా, ఇలా రా. బాబు గీబు తర్వాత, ముందు రా."

పనివాళ్ళను ఆపేసింది. పైనున్న రెండువందల ముప్ఫై ఊళ్ళూ అయిపోయాయి, అవి తప్పలేదు, వాటి ఫలితాలు అలాగే ఉంచింది. కిందివి నూట ఎనభై మూడు, మళ్ళీ మూటలు కట్టాలి, కానీ ఈసారి కట్టేది యంత్రం కాదు, కట్టాక చూసుకోవాల్సిన పని లేకుండా ముందే చూసుకోవాలి. ఒక కొత్త ఫైలు తెరిచింది, పేరూ ఎత్తూ ఒకే వరసలో, పక్కపక్కన. ప్రద్యుమ్న అది చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, నేను అప్పుడే చెప్పాను కదపా అని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అతని చేతిలో సర్వే పుస్తకం, ఊరు చెబుతాడు, ఎత్తు చెబుతాడు, మళ్ళీ ఊరు చెప్పు అంది. ఎందుకు అన్నట్టు చూశాడు. చెప్పు అంది. నుఆసాహి, ఒకటి తొమ్మిది, నుఆసాహి. బలిపొఖరి, మూడు నాలుగు, బలిపొఖరి. పక్క గదుల్లోంచి ఇద్దరు ముగ్గురు తలలు బయటపెట్టి చూశారు, పూజలో మంత్రం చెబుతున్నట్టుంది ఇద్దరి గొంతూ, ఆమె వేళ్ళు కొడుతూనే ఉన్నాయి, ఒక్కో పేరుకీ ఏ బెంచీ మీద కూర్చున్న ఏ గేజ్ మనిషో గుర్తొస్తున్నాడు, చివరికి అతను కుసుపడా, మూడు ఒకటి, కుసుపడా అన్నప్పుడు ఆ వరస రెండుసార్లు చదువుకుంది. మూడూ ముప్ఫై ఒకటికి మీట నొక్కింది. మొత్తం, నూట ఎనభై మూడు. తనే వేళ్ళ మీద రెండోసారి తీసివేసి చూసుకుంది.

ఇరవై ఆరు నిమిషాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. గీతలు నిండుతున్నాయి. చెప్పకుండా ఉండిపోవచ్చు. ట్రేలోంచి కాగితం తీసేసి చింపెయ్యొచ్చు, పట్టజోషి సార్ భోజనం నుంచి వచ్చినా నాలుగు దాకా ట్రే ముట్టుకోరు. ఇప్పుడు లేచి వెళితే ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది, పొద్దుట్నుంచీ ఇతనిలో ఏ మనిషి కోసం వెతికిందో ఆ మనిషి ఇక్కడ కూర్చుని ఉంది.

"నీ మీద సార్‌కి కాగితం రాశాను," అంది తెర చూస్తూనే.

"తెలుసపా. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేముందు పిలిచి చూపించారు. మా బావమరిది కట్టేది చెరువు గట్లు, అదీ బాలాసోర్‌లో. రాసేముందు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

"తెలిసి కూడా దహిబరా తెచ్చావా?"

"అందరికీ తెచ్చి మీ ఒక్కరికీ మానేస్తే, నిజంగానే ఏదో చేశాననుకునేవారు."

ఆమె దొన్నె దగ్గరికి లాక్కుంది. బరా నాని మెత్తబడిపోయింది, పెరుగు పులిసింది, కారం ముక్కులోకి పోయింది. మొత్తం తినేసింది. తప్పైపోయింది అనే మాట నోటిదాకా వచ్చింది, వచ్చి అక్కడే ఉంది, అతను కూడా దానికోసం చూస్తున్నట్టు లేదు, చూస్తున్నాడేమో, ఈ మనిషి మొహం తనకు చదవడం రాదని ఆమెకు ఇప్పుడు తెలుసు.

మూడూ యాభై ఏడు. నూట ఎనభై మూడుకి నూట ఎనభై మూడు. మ్యాప్ కింది సగం రంగు మారింది, తెల్లగా ఉన్న తొమ్మిది ఊళ్ళు ఎర్రబడ్డాయి, ఎర్రగా ఉన్న నాలుగు తెల్లబడ్డాయి. చిట్టచివర సముద్రం పక్కన చిన్న చుక్క, కుసుపడా, ఎరుపు. అది చూసి ఆమె ఊపిరి వదిలింది, సొంత ఊరు మునుగుతుందని తెలిసి గుండె కుదుటపడిన మనిషి ఈ రాష్ట్రంలో తను ఒక్కతే అయి ఉంటుంది. ముందు కకాకి రెండు ముక్కలు, భయం ఉంది కకా, అందర్నీ స్కూలు మేడ మీదికి ఎక్కించు, నేను చెప్పింది తప్పు అని. ఆయన ఊఁ అన్నాడు, ఎప్పుడో ఎక్కించాను అన్నాడు. తర్వాత కంట్రోల్ రూమ్. జాబితా పంపి ఊరుకోవచ్చు, ఎప్పుడూ అదే చేస్తుంది, ఇవాళ ఫోన్ ఎత్తి చదవడం మొదలుపెట్టింది, ఊరు, అంకె, మళ్ళీ ఊరు, అవతల రాసుకునే గుమాస్తా రెండుసార్లు విసుక్కున్నాడు, ఆమె ఆపలేదు.

"ఆగండాగండి," అన్నాడతను, "నుఆసాహి ఏమిటి మేడమ్? మా పట్టీలో అలాంటి ఊరే లేదే. ఎవరు కలిపారిది? చివర్లో ఇలా కొత్త పేర్లు దూర్చి పడవలు అడిగేవాళ్ళని మేం చాలామందిని చూశాం."

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. పొద్దుట్నుంచీ తన తలలో వినిపించినది అదే గొంతు.

"ప్రద్యుమ్న స్వాయిఁ కలిపారు. స్వయంగా వెళ్ళి కొలిచారు. కింద నా సంతకం ఉంటుంది," అంది నిరుపమ. "రాసుకోండి. నుఆసాహి, ఒకటి పాయింట్ తొమ్మిది, నుఆసాహి."

అవతల పెన్ను కదిలిన చప్పుడు వినిపించేదాకా ఆగింది. తర్వాతి ఊరు చదివింది.